ప్రసవానికి పదమూడు రోజులు

(ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో పీజీ విద్యార్థులు, అధ్యాపకుల సభలో విశ్రాంత ప్రసూతి వైద్య ఆచార్యురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న ప్రిన్సిపాల్ గారికి, విభాగాధిపతులకు, నా పాత సహోద్యోగులకు, డ్యూటీ ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చిన పీజీలకు, హౌస్ సర్జన్లకు నమస్కారం.

స్త్రీ వైద్యుల వృత్తి, కుటుంబం అన్న అంశం మీద మాట్లాడమని వయసు మళ్లిన డాక్టరమ్మను పిలిచినప్పుడు సభ ఏమి ఎదురుచూస్తుందో నాకు తెలుసు. తెల్లవారుజామున ఎన్నింటికి లేవాలి, వంట ఏ వేళకు ముగించాలి, పిల్లల చదువు ఎవరికి అప్పగించాలి, అత్తగారి మనసు నొచ్చుకోకుండా నైట్ డ్యూటీకి ఎలా బయలుదేరాలి వంటి ఉపాయాలు చెప్పి, మనసుంటే అన్నీ చక్కబెట్టుకోవచ్చని ధైర్యం చెప్పడం ఆనవాయితీ. అటువంటి ప్రసంగాలు నేను చదువుకునే రోజుల్లోనూ విన్నాను, ఉద్యోగంలో చేరాకా విన్నాను. వాటి వల్ల ఒక్క డ్యూటీ లిస్టు కూడా మారగా నేను చూడలేదు. అందుకని ఈ రోజు ఉపాయాల జోలికి పోకుండా, మన వృత్తి తన స్త్రీలను ఏ కొలతతో కొలుస్తూ వచ్చిందో, ఆ కొలత ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎందుకు పక్కన పెట్టాలో చెప్పాలనుకుంటున్నాను.

ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1888 ఫిబ్రవరిలో రాసిన ఒక లేఖలో కలకత్తా వైద్య కళాశాలలో చదువుతున్న శ్రీమతి గంగూలీ అనే యువతి ప్రస్తావన ఉంది. డాక్టరు కావాలని నిశ్చయించుకున్న తరువాత ఆమె పెళ్లి చేసుకున్నదని, ఆ పైన ఒకరో ఇద్దరో పిల్లలు కూడా కలిగారని, అయినా ప్రసవానికి పదమూడు రోజులు మాత్రమే రాలేదని, తనకు తెలిసినంతలో ఒక్క పాఠం కూడా పోగొట్టుకోలేదని నైటింగేల్ అబ్బురపడుతూ రాసింది. ఆ యువతి కాదంబినీ గంగూలీ. 1883లో చంద్రముఖీ బసుతో కలిసి కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్న మొదటి ఇద్దరు స్త్రీలలో ఒకరు. మరుసటి ఏడు వైద్య కళాశాలలో అడుగుపెట్టి, అక్కడి అధ్యాపకుల్లో కొందరి వ్యతిరేకతను తట్టుకుని వైద్యురాలైన వ్యక్తి. 1893లో ఇల్లు వదిలి బ్రిటన్ వెళ్లి అక్కడి వైద్య అర్హతలతో తిరిగి వచ్చారు. ఎనిమిది మంది పిల్లలున్న ఇంటిని నడుపుతూ, రాత్రివేళల్లో కాన్పులకు వెళుతూ, కాంగ్రెసు సభల్లో పాల్గొంటూ బ్రతికిన ఆమెను 1891లో 'బంగబాసి' పత్రిక ఎంత నీచంగా నిందించిందంటే, ఆమె భర్త ద్వారకానాథ్ గంగూలీ, మిత్రులు కోర్టుకెక్కి ఆ సంపాదకుడికి వంద రూపాయల జరిమానా, ఆరు నెలల జైలుశిక్ష పడేదాకా వదలలేదు.

ఆమె పట్ల నాకున్న గౌరవం మాటల్లో చెప్పగలిగేది కాదు. పదమూడు రోజులకే పచ్చి బాలింత పాఠానికి తిరిగి వెళ్లవలసి రావడానికి కారణం మాత్రం ఆమె ధైర్యం ఒక్కటే కాదు. వెళ్లకపోతే ఆ తలుపు ఆమె ముఖం మీదే మూసుకునేది. మూయడానికి చేతులు సిద్ధంగా ఉన్నాయి. నిర్బంధంలో చేసిన పనిని మనం ఘనకార్యంగా లెక్కించాం, ఆ ఘనకార్యాన్ని తరువాతి వాళ్లకు కొలబద్దగా నిలబెట్టాం. నూట ముప్పై ఏళ్లు దాటినా మన లేబర్ రూములో ఆ మాట అదే పద్ధతిలో వినిపిస్తోంది. "నొప్పులు మొదలయ్యేదాకా డ్యూటీ చేసింది", "సిజేరియన్ అయిన నెలకే థియేటర్‌లో నిలబడింది", "ఆమె గర్భవతి అన్న సంగతి యూనిట్‌కు తెలియనే తెలియలేదు" అని మెచ్చుకోలుగా చెప్పుకుంటాం. ఆ మెచ్చుకోలు అక్కడే నిలబడి వింటున్న మరో పీజీకి హెచ్చరికగా చేరుతుంది. మరి మూడు నెలలకు తన కడుపు కనిపించడం మొదలుపెట్టినప్పుడు ఆ అమ్మాయి వదులు ఆప్రాన్ వెతుక్కుంటుంది.

మన ప్రాంతపు చరిత్ర కూడా కాస్త చూడాలి. అప్పట్లో ఆంధ్ర జిల్లాలకు రాజధాని మద్రాసు గనుక అక్కడి నుంచి మొదలుపెడతాను. 1875లో మద్రాసు వైద్య కళాశాల నలుగురు స్త్రీలను చేర్చుకుంది. వారిలో మేరీ షార్లీబ్ ఒకరు. మద్రాసులో న్యాయవాదిగా ఉన్న భర్తతో కలిసి 1866లో వచ్చిన ఆంగ్లేయురాలు, ముగ్గురు పిల్లల తల్లి. పురుష వైద్యుడి చేత పరీక్ష చేయించుకోలేక కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకుంటున్న స్త్రీల సంగతి విని ఆమె వైద్యం వైపు వచ్చింది. లండన్‌లో పై చదువు పూర్తిచేసి తిరిగివచ్చి, 1885లో మద్రాసులో ఘోషా, అంటే పరదా పాటించే స్త్రీల కోసం ఆసుపత్రి స్థాపించింది. విశాఖపట్నం వాళ్లకు అక్కడి విక్టోరియా ఆసుపత్రిని ఘోషాసుపత్రి అనే పిలవడం అలవాటు. ఆ పేర్లన్నీ ఆ కాలపు అవసరం నుంచి వచ్చినవే. షార్లీబ్ తరువాతి తరంలో, 1912లో మద్రాసు వైద్య కళాశాల నుంచి పట్టా అందుకున్న ముత్తులక్ష్మి రెడ్డి గారు 1914లో డాక్టర్ సుందర రెడ్డి గారిని పెళ్లాడడానికి ముందే, తనను సమానురాలిగా గౌరవించాలని, తన ఆశయాలకు అడ్డు రాకూడదని షరతు పెట్టుకున్నారు. 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టినా, దేవదాసీ విధానం మీద పోరాడినా, 1954లో అడయారులో క్యాన్సర్ ఆసుపత్రి తెరిచినా, ఆ షరతు పాటించిన ఇల్లు వెనుక ఉంది. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతమెంత, ఇల్లుందా, అమెరికా వెళతాడా అని అడిగే మన అమ్మానాన్నలు, మా అమ్మాయి నైట్ డ్యూటీలో ఉన్న రాత్రి పసిబిడ్డకు జ్వరమొస్తే ఎవరు లేస్తారు అని అడగరు. 1914లో ఒక అమ్మాయి తన పెళ్లికి తానే షరతు పెట్టుకోగలిగినప్పుడు, ఇప్పుడు మనకు నోరు పెగలకపోవడానికి కారణం లేదు.

అదే కాలంలో మరో నమూనా కూడా మన కళ్ల ముందు ఉండేది. గుంటూరులో 1883 నుంచి సేవ చేసిన లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కుగ్లర్, వెల్లూరులో ఐడా స్కడ్డర్, ఇద్దరూ అవివాహితులే. ఆసుపత్రి ఆవరణలోనే నివాసం, పిలిస్తే ఏ జామునైనా పలకడం, రోగులే కుటుంబం. వాళ్ల త్యాగం వేల మంది తల్లులను బ్రతికించింది. ఆ త్యాగం పునాదిగా కట్టిన ఆసుపత్రి క్రమం మాత్రం ఇంటి బాధ్యత లేని మనిషిని ఊహించుకుని కట్టినది. పురుష వైద్యుల ఆసుపత్రి కూడా ఇంటి బాధ్యత మరొకరు మోసే మనిషిని ఊహించుకునే కట్టారు. ఈ రెండింటిలోనూ బిడ్డకు పాలివ్వవలసిన వైద్యురాలికి చోటు లేదు. ఆమె ఎప్పుడు వచ్చినా తనను తాను తగ్గించుకుని, ఒదిగి, ఆ క్రమంలో ఇమడవలసిందే.

మన తెలుగు పట్టణాలు దీనికి ఒక సొంత మార్గం కనిపెట్టాయి. కింద నర్సింగ్ హోమ్, పైన ఇల్లు. తెనాలిలో, భీమవరంలో, నరసరావుపేటలో, కరీంనగర్‌లో, ఖమ్మంలో, ఎక్కడ చూసినా అదే కట్టడం. భర్త సర్జనో పిల్లల వైద్యుడో, భార్య గైనకాలజిస్టు. కింద మెట్ల పక్కన లేబర్ రూమ్, పైన వంటగది. అమ్మగారు పోపు వేస్తూ ఉండగా సిస్టర్ పైకి కేక వేస్తే పొయ్యి ఆర్పి కిందకు దిగుతుంది. కాన్పు చేసి, పైకి వెళ్లి, పిల్లలకు అన్నాలు పెడుతుంది. నా తరం స్త్రీ వైద్యుల్లో పెద్ద భాగం ఇలాగే బ్రతికింది, జిల్లాల్లో ప్రసూతి వైద్యాన్ని నిలబెట్టింది కూడా వీళ్లే. దీనికి వాళ్లు చెల్లించిన మూల్యం ఎవరూ లెక్క రాయలేదు. ఆ ఇంట్లో సెలవు అన్నది లేదు. సొంత అన్న కూతురి పెళ్లికి వెళ్లినా, తాళి కట్టే వేళకు ఫోను వస్తే కారెక్కవలసిందే. పైగా చాలామందికి బ్రాంచ్ ఎంచుకునే స్వేచ్ఛ కూడా ఉండేది కాదు. మెడిసిన్‌లో అద్భుతమైన పట్టు ఉన్న అమ్మాయి, కాబోయే వారి నర్సింగ్ హోమ్‌కు గైనకాలజిస్టు కావాలి కనుక గైనిక్‌లో చేరిన సందర్భాలు నా తరగతిలోనే చూశాను. ఇప్పుడు ఆ నర్సింగ్ హోములు మూతపడుతున్నాయి, కార్పొరేట్ ఆసుపత్రులు వచ్చాయి, ఇల్లు ఆసుపత్రికి గంట దూరం జరిగింది. పాత మార్గంలో ఉన్న ఒకే ఒక సౌకర్యం, అంటే బిడ్డ మెట్ల మీదే ఉండడం, అది కూడా పోయింది. దాని స్థానంలో మనం మరేదీ కట్టలేదు.

ఇక మీ వయసు లెక్క వేద్దాం. పద్దెనిమిదేళ్లకు ఎంబీబీఎస్‌లో చేరితే, నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ ముగిసేసరికి ఇరవైనాలుగు వస్తాయి. పీజీ ప్రవేశ పరీక్షకు ఒకటి రెండేళ్ల తయారీ, మూడేళ్ల పీజీ, ఆ పైన ఆసుపత్రిలో సీనియర్ రెసిడెన్సీ అనే అనుభవ ఉద్యోగం, సూపర్ స్పెషాలిటీ కోరుకుంటే ఇంకో మూడేళ్లు. ఒక్క ఏడు కూడా వృథా కాకుండా నడిచిన అమ్మాయి ముప్పై రెండు, ముప్పై మూడేళ్లకు తన శిక్షణ పూర్తిచేస్తుంది. గర్భధారణకు శరీరం అనుకూలించే సంవత్సరాలు, ఇంట్లో వాళ్లు పెళ్లి పెళ్లి అని తొందరపెట్టే సంవత్సరాలు, వృత్తి నైపుణ్యం చేతికి అబ్బే సంవత్సరాలు, అన్నీ అవే. మగపిల్లవాడికి ఈ మూడింటిలో ఒకటి అతని శరీరంలో జరగదు, రెండోది ఆలస్యమైనా ఎవరూ కంగారుపడరు. కాబట్టి ఈ పదేళ్లు దాటించే బాధ్యత అమ్మాయి తెలివితేటల మీద వదిలేయడం అన్యాయం. ఏ అమ్మాయి ఎంత తెలివిగా పథకం వేసుకున్నా, ఇరవైనాలుగ్గంటల డ్యూటీ వారానికి రెండు పడే చోట మూడు నెలల బిడ్డకు పాలివ్వడం జరిగే పని కాదు.

ఆ పదేళ్లలో జరిగే నష్టం పైకి కనిపించదు. సర్జరీ మీద మనసుపడిన అమ్మాయి పీజీ సీట్లు కేటాయించే కౌన్సెలింగ్‌లో డెర్మటాలజీనో, రేడియాలజీనో, పాథాలజీనో తీసుకుంటుంది. అవి తక్కువ శాఖలు కావు, ఇష్టపడి తీసుకున్నవాళ్లు గొప్పగా పనిచేస్తారు. భయంతో తీసుకున్న చోటనే నా బాధ. ఆర్థోపెడిక్స్, న్యూరోసర్జరీ, కార్డియోథొరాసిక్ విభాగాల్లో ఇప్పటికీ ఒకరో ఇద్దరో అమ్మాయిలు కనిపిస్తే అది వార్త. మరికొందరు పీజీ అయ్యాక సూపర్ స్పెషాలిటీ పరీక్ష రాయడమే మానుకుంటారు. ఇంకొందరు బిడ్డ బడికి వెళ్లేదాకా అని ఇంట్లో ఆగి, ఆ ఆగడంలోనే వృత్తికి దూరమవుతారు. సీటు కోసం లక్షల మంది పోటీపడిన పరీక్షలో నెగ్గిన అమ్మాయి మీద ప్రజల సొమ్ము ఖర్చు చేసి, ఆమె చేతిలోకి కత్తి వచ్చే వేళకు మనమే వెనక్కి పంపిస్తున్నాం.

శరీరం మీద పడే భారం గురించి ఒక ప్రసూతి వైద్యురాలిగా నేను చెప్పి తీరాలి. 2021లో జామా సర్జరీ పత్రికలో అమెరికాలోని 692 మంది స్త్రీ సర్జన్లను విచారించిన అధ్యయనం ఒకటి వచ్చింది. వాళ్లలో 42 శాతం మంది కనీసం ఒక గర్భాన్ని పోగొట్టుకున్నారు. అది సాధారణ జనాభాలో కనిపించే దానికి రెట్టింపు కంటే ఎక్కువ. చివరి మూడు నెలల్లో వారానికి 12 గంటలు, అంతకు మించి ఆపరేషన్లు చేసినవాళ్లలో తీవ్రమైన సమస్యలు ఎక్కువగా తలెత్తాయి. ఓపీలో మన ముందు కూర్చున్న గర్భిణికి, ఆమె పొలం పనికి వెళ్లేదైనా బ్యాంకులో పనిచేసేదైనా, ఎక్కువసేపు నిలబడవద్దని, వేళకు తినమని, రాత్రి నిద్ర చెడగొట్టుకోవద్దని రాసిస్తాం. ఆ చీటీ రాస్తున్న పీజీ ఎనిమిదో నెలలో ఉండి, ఉదయం నుంచి మంచినీళ్లు తాగకుండా కూర్చుని ఉంటుంది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మరేమీ పట్టవద్దని వార్డులో పోస్టరు అంటించేదీ ఆమే, తన బిడ్డకు రెండో నెలలోనే డబ్బా పాలు అలవాటు చేసేదీ ఆమే.

చట్టం ఏమీ ఇవ్వలేదని నేను అనను. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు, రోజుకు నాలుగు సార్లు తల్లి అక్కడికి వెళ్లివచ్చే వీలు కల్పించారు. ఇక్కడున్న వారిని అడుగుతున్నాను, మీలో ఎంతమంది మీ ఆసుపత్రిలో అటువంటి గదిని చూశారు? నేను చూసిన చోట్ల అది ఉంటే స్టోర్ రూముగా ఉంది, లేకపోతే కాగితం మీద ఉంది. పీజీల విషయానికి వస్తే, 2023 నాటి పీజీ వైద్య విద్య నిబంధనలు ప్రసూతి సెలవును ప్రభుత్వ నియమాల ప్రకారం ఇవ్వాలంటాయి, వారానికి ఒక సెలవు ఉండాలంటాయి, పనిగంటలు సహేతుకంగా ఉండాలంటాయి. అనుమతించిన దానికి మించి గైర్హాజరైతే ఆ మేరకు శిక్షణ కాలం పెరుగుతుంది. శిక్షణ పూర్తిగా పొందాలనడం న్యాయమే, నేను కాదనను. ఆ పొడిగింపు తరువాత పరీక్ష ఎప్పుడు, ఫలితం ఎప్పుడు, సీనియర్ రెసిడెన్సీలో చేరే తేదీ దాటిపోతే ఏమిటి అన్నవి ముందే చెప్పే మనిషి మాత్రం కళాశాలలో ఉండాలి. ఇప్పుడు ఆ అమ్మాయి పాలిచ్చే బిడ్డను ఎత్తుకుని ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు తిరుగుతోంది.

చట్టం అందని చోటు మరొకటి ఉంది, దాని గురించి బయట తెలిసింది తక్కువ. ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసే కన్సల్టెంట్లలో చాలామంది అక్కడ ఉద్యోగులు కారు. చూసిన రోగుల మీద, చేసిన ఆపరేషన్ల మీద ఫీజు తీసుకునే ఒప్పందం మీద ఉంటారు. వాళ్లకు ప్రసూతి సెలవన్న ప్రశ్నే తలెత్తదు. ఇంట్లో కూర్చున్న నెల ఆదాయం సున్నా, తిరిగి వచ్చేసరికి గది మరొకరిది, రోగులు మరొకరివైపు అలవాటుపడి ఉంటారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో పేరున్న డాక్టరమ్మ, అదే ఆసుపత్రిలో రిసెప్షన్‌లో ఉన్న ఉద్యోగినికి ఉన్న హక్కు లేకుండా బిడ్డను కంటోంది. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆ కాగితం పూర్తిగా చదవండి. పదిమంది కలిసి అడిగితే ఆ కాగితంలో ఒక పేరా చేర్పించవచ్చు, ఒక్కరు అడిగితే మరో డాక్టరును వెతుక్కుంటారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే కష్టమనిపించిన విషయానికి వస్తాను. నేను యూనిట్ చీఫ్‌గా ఉన్న కాలంలో, ఏడో నెల నిండిన పీజీలకు లేబర్ రూములో ఇరవైనాలుగ్గంటల డ్యూటీ వేయవద్దని, వాళ్లకు గర్భిణుల ఓపీ, స్కానింగ్, పగటి వార్డు పని అప్పగించాలని నిర్ణయించాం. మంచి నిర్ణయమని అందరూ అన్నారు. రెండు నెలలు తిరగకుండా ముగ్గురు పీజీలు నా గదికి వచ్చారు. ఇద్దరు పెళ్లికాని అమ్మాయిలు, ఒక అబ్బాయి. "మేడం, వాళ్ల రాత్రులు మేం చేస్తున్నాం. మాకు పెళ్లి కాకపోవడమే మా తప్పా?" అని అడిగారు. ఆ అబ్బాయి తండ్రికి డయాలసిస్ నడుస్తోంది. వారానికి రెండు సార్లు తీసుకువెళ్లడానికి మనిషి లేడు. వాళ్లు అడిగినది న్యాయం. తల్లికి ఇచ్చిన ఊరటను పక్కనున్న పీజీ వీపు మీద మోపితే అది సంస్థ చేసిన మేలు కాదు. పైగా మరుసటి ఏడు ఒక అమ్మాయి గర్భవతి అయిందని తెలిసిన రోజున తోటి పీజీల ముఖాలు మాడిపోతాయి, ఆ ముఖాలు చూడలేక ఆమె రాత్రి డ్యూటీ అడిగి మరీ చేస్తుంది. నేను చెప్పిన పదమూడు రోజుల కొలబద్దను ఆ విధంగా స్త్రీల చేతికే అందించి, ఒకరినొకరు కొలుచుకోమంటాం.

అప్పుడు మేము చేసినది ఇది. ఎవరు ఎన్ని రాత్రులు చేశారో గోడ మీద అందరికీ కనిపించేలా రాశాం. ఎక్కువ చేసిన వాళ్లకు ఆ రోజులు తరువాతి మూడు నెలల్లో సెలవుగా తిరిగి ఇచ్చాం. డ్యూటీ తగ్గింపు తల్లులకు మాత్రమే పరిమితం చేయకుండా, ఇంట్లో మంచాన పడిన మనిషి ఉన్న పీజీకి, పరీక్ష దగ్గరపడిన పీజీకి కూడా వర్తింపజేశాం. డ్యూటీ లిస్టు వారం ముందు కాకుండా నెల ముందు వేశాం, దానివల్ల కలిగిన మేలు నేను అనుకున్నదానికంటే పెద్దది. పనిమనిషిని, ఆయాను, ఊరి నుంచి రావలసిన తల్లిని ముందుగా కుదుర్చుకోగలిగారు. అయినా అది అతుకుల బొంతే. అదనపు సీనియర్ రెసిడెంట్లు లేకుండా, ఉన్న మనుషుల మధ్యనే భారం అటూ ఇటూ జరపడానికి ఒక హద్దు ఉంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం, రెసిడెంట్లు, అంటే ఆసుపత్రిలో శిక్షణలో ఉన్న డాక్టర్లు, వారానికి 74 గంటలు మించి పనిచేయకూడదని సిఫారసు చేసింది. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం చెప్పింది వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించరాదు అని. ముప్పై రెండేళ్లలో సిఫారసు గంటలు పెరిగాయే గాని తగ్గలేదు. గంటలు తగ్గడం స్త్రీలకు చేసే దయ అనుకునే విభాగాధిపతులకు నా మనవి ఒక్కటే: ముప్పై గంటలుగా నిద్రపోని చేతికి, ఆ చెయ్యి ఎవరిదైనా, మీ కూతురి సిజేరియన్ అప్పగిస్తారా?

ఇతర దేశాల్లో ఉన్న మన పిల్లలు ఇప్పుడు వేరే నియమాల కింద శిక్షణ పొందుతున్నారు. అమెరికాలో రెసిడెంట్లకు 2003 నుంచి వారానికి 80 గంటల హద్దు ఉంది. అది కూడా తక్కువేమీ కాదు. 2022 జూలై నుంచి అక్కడి శిక్షణ కాలంలో కనీసం ఒకసారి ఆరు వారాల సెలవు పూర్తి జీతంతో ఇచ్చి తీరాలి. బ్రిటన్‌లో పూర్తికాలం కాకుండా తగ్గించిన గంటలతో, ఎక్కువ సంవత్సరాలు శిక్షణ పొందే వీలుంది. ఆ చివరి పద్ధతి మన దగ్గర ఎందుకు ఉండకూడదో నాకు ఇంతవరకు ఎవరూ సరైన కారణం చెప్పలేదు. మూడేళ్ల పీజీని నాలుగేళ్లలో, సగం రాత్రులతో, అదే కేసుల సంఖ్యతో, అదే పరీక్షతో పూర్తిచేస్తే శిక్షణలో తగ్గేదేమిటి?

రాత్రి డ్యూటీ గురించి ఇంకో మాట. 2024 ఆగస్టు 9న కలకత్తాలో ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న పీజీ వైద్యురాలిపై జరిగిన ఘోరం తరువాత మన ఇళ్లల్లో తల్లిదండ్రులు ఎంత కలవరపడ్డారో మీకు తెలుసు. స్త్రీ వైద్యులకు వీలైనంత వరకు రాత్రి డ్యూటీ తప్పించాలన్న ఆలోచన అక్కడి ప్రభుత్వం చేసినప్పుడు సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. భద్రత కల్పించడం ప్రభుత్వం పని, స్త్రీలను పనికి దూరం చేయడం పరిష్కారం కాదని చెప్పింది. ఆ మాట ఇక్కడ కూడా గట్టిగా చెప్పుకోవాలి. కాన్పులు రాత్రి పూటే ఎక్కువ కష్టపెడతాయి, ప్రమాదాలు రాత్రి పూటే వస్తాయి, చెయ్యి తిరిగేది కూడా రాత్రి పూటే. రాత్రి లేని శిక్షణతో డాక్టరు తయారు కాదు. తాళం పడే డ్యూటీ గది, వెలుతురున్న వరండా, గది పక్కనే మరుగుదొడ్డి, క్యాజువాలిటీ తలుపు దగ్గర మనిషి, ఇవి అడగడానికి ఏ అమ్మాయీ సంకోచపడకూడదు.

ఇంటి సంగతి. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటి పనుల్లో పాలుపంచుకునే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. డాక్టర్ల ఇళ్లు ఇందుకు మినహాయింపు అనుకోవద్దు. అమెరికాలో పరిశోధన నిధులు గెలుచుకున్న యువ వైద్యుల మీద 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, పెళ్లయి పిల్లలున్న వారిలో స్త్రీలు పురుషుల కంటే వారానికి 8.5 గంటలు ఎక్కువగా ఇంటి పనిలో ఉన్నట్టు తేలింది. ఇద్దరూ ఒకే చదువు చదివినవాళ్లే, ఒకే అలసటతో ఇంటికి చేరేవాళ్లే. మన దగ్గర ఈ తేడాను పూడ్చేది ఎక్కువగా అమ్మమ్మలు, నానమ్మలు. పురిటికి పుట్టింటికి వెళ్లిన అమ్మాయి తిరిగి హాస్టలుకు వస్తే బిడ్డ అమ్మమ్మ దగ్గరే ఉంటుంది. వారానికి ఒకసారి బస్సెక్కి వెళ్లి చూసుకుని వచ్చే తల్లులు ఈ హాల్లోనే ఉన్నారని నాకు తెలుసు. అరవై ఏళ్ల మోకాళ్ల నొప్పులతో పసిపిల్లల వెంట పరిగెత్తే ఆ పెద్దావిడ చాకిరీ మీద మన పీజీ సీట్లు నడుస్తున్నాయి. ఆమె లేని అమ్మాయి, ఆమెకు ఆరోగ్యం లేని అమ్మాయి ఏం చెయ్యాలో మనం ఆలోచించలేదు. ఇదే ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద రాత్రి పనిచేసే స్టాఫ్ నర్సులు, ఆయాలు కూడా తల్లులే. శిశు సంరక్షణ గది తెరిచిన రోజున అది డాక్టర్ల పిల్లలకు మాత్రమే అంటే నేను ఆ ప్రారంభోత్సవానికి రాను.

ఇక్కడున్న యువకులకు, ముఖ్యంగా తోటి డాక్టర్లను పెళ్లి చేసుకున్నవారికి చెబుతున్నాను. "మా ఆవిడకు నేను పూర్తిగా సహకరిస్తాను" అని మీరంటే సభలో చప్పట్లు వస్తాయి. మీ బిడ్డకు టీకా తేదీ ఎప్పుడో, బడిలో టీచరు పేరేమిటో, పనిమనిషి రాని రోజు ఎవరికి ఫోన్ చెయ్యాలో మీకు తెలియకపోతే ఆ సహకారం విలువ ఎంతో మీరే చూసుకోండి. ఫెలోషిప్ మీకు ఒక ఊళ్లో, ఆమెకు మరో ఊళ్లో వచ్చినప్పుడు ఎవరిది వదులుకోవాలన్న చర్చ మీ ఇంట్లో జరిగిందా, జరగకుండానే తేలిపోయిందా? తేలిపోయినట్టయితే ఆ చర్చ ఇప్పుడు మొదలుపెట్టండి.

మధ్యలో ఆగిపోయిన వాళ్లను నేను మరిచిపోలేదు. పిల్లల కోసం ఏడెనిమిదేళ్లు ఇంట్లో ఉండి, తిరిగి రావాలనుకుంటున్న డాక్టర్లు మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నారు. వాళ్లకు తెలివి పోలేదు. మందులు మారాయి, పద్ధతులు మారాయి, చేతికి అలవాటు తప్పింది. ప్రతి బోధనాసుపత్రిలో ఆరు నెలల పునశ్శిక్షణ, ఒక సీనియర్ పర్యవేక్షణ, చివర ఒక ధ్రువపత్రం ఇస్తే వాళ్లు జిల్లా ఆసుపత్రుల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నిలబడగలరు. డాక్టర్లు లేరని ప్రతి ఏటా నోటిఫికేషన్లు వేసే ప్రభుత్వం, తాను చదివించిన డాక్టర్లను ఇళ్ల నుంచి పిలవడం కంటే చవకైన మార్గం మరొకటి వెతకనక్కర్లేదు. ఇటువంటి శిక్షణకు కావలసిన పాఠ్య ప్రణాళిక రాసి ఇవ్వడానికి నేను, నా తరం వాళ్లు కొందరం సిద్ధంగా ఉన్నామని ప్రిన్సిపాల్ గారికి ఈ వేదిక మీద నుంచే తెలియజేస్తున్నాను. సంరక్షణ గదికి పాత రికార్డు రూము ఖాళీగా ఉందని ఉదయం వార్డు వైపు వెళ్లినప్పుడు చూశాను. దాని తాళం ఏ సెక్షన్ దగ్గర ఉందో కనుక్కోవలసిందిగా కోరుతున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఈ పూట లేబర్ రూములోనూ, క్యాజువాలిటీలోనూ డ్యూటీలో ఉన్న పీజీలు సభకు రాలేకపోయారు. వాళ్లు తమ ప్రశ్నలు చీటీల మీద రాసి పంపారు. ముందుగా వాటికి సమాధానాలు చెబుతాను, తరువాత హాల్లో ఉన్నవారు అడగవచ్చు. మొదటి చీటీ రెండో సంవత్సరం పీజీది: "ఐదో నెల. హెచ్‌ఓడీ గారికి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలి?" హెచ్‌ఓడీ, అంటే విభాగాధిపతి గారు ముందు వరుసలోనే ఉన్నారు కాబట్టి, దీనికి జవాబు వారినే చెప్పమని కోరుతున్నాను.